అధివృక్క సిరల రక్తపరీక్ష: అందలి చిక్కులు



రక్తపుపోటు అను మాట నేడు పల్లెలలో సైతము వినబడని చోటు లేదు. రచ్చబండకడ కూడిన పెద్దలలో ఉదయమున ఒక మాత్ర మ్రింగి వచ్చినవారు కొందఱైనను ఉందురు. వారిలో పెక్కుమందికి ఆ వ్యాధి ఫలానా కారణముచేతనే వచ్చినదని వేలుపెట్టి చూపుటకు వీలు లేదు. వంశము, వయస్సు, ఉప్పు, దేహభారము, మనఃక్లేశము, ఇవన్నియు కలసి పోటును పెంచుచుండును. కాని కొందఱి విషయమున కారణము ఒక్కచోటనే దాగియుండును. దానిని కనిపెట్టి తొలగింపగలిగినచో వ్యాధి మానుటయో, మిక్కిలి తగ్గుటయో జరుగును. అట్టి కారణములలో ఒకదానిని గూర్చియు, దాని జాడ తీయుటకై చేయు ఒక సున్నితమైన పరీక్షను గూర్చియు, ఆ పరీక్ష ఎచ్చటెచ్చట దారి తప్పగలదో దానిని గూర్చియు నేడు మనవి చేసెదను. నేను వైద్యుడను గాను, బడిపంతులను. వైద్యులు వ్రాసిన సంగతులను మన తర్కశాస్త్రపు వెలుగులో చూచి మీకు విప్పి చెప్పుట మాత్రమే నా పని.

వెన్నెముకకు ఇరుప్రక్కల మనకు మూత్రపిండములు రెండు గలవు గదా. ఒక్కొక్క మూత్రపిండము తలపై తలపాగావలె ఒక చిన్న గ్రంథి యుండును. వృక్కమనగా మూత్రపిండము, దానిపై నుండునది గావున దీనికి అధివృక్క గ్రంథి యని పేరు. పెద్దవారిలో దీని బరువు సుమారు 4, 5 గ్రాములు. కొలతకు చిన్నదే గాని దీని అధికారము చిన్నది గాదు. ఇది పుట్టించి రక్తములోనికి విడుచు ద్రవ్యములను హార్మోనులందురు. వానిలో ఆల్డోస్టెరోను అనునది దేహమునందలి ఉప్పునకు కావలివాడు. మూత్రముతో వెడలిపోవు సోడియమును ఆపి దేహమున నిలుపును. దానికి బదులుగా పొటాషియమును వెలికి పంపును. సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్ అను లండను శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులతో కలసి 1953లో దీనిని వేఱుచేసి లోకమునకు తెలిపిరి.

కావలివాడు యజమాని మాట వినక తన యిచ్చవచ్చినట్లు తలుపులు మూసినచో ఏమగును? ఉప్పు నిలుచును, ఉప్పువెంట నీరు నిలుచును, రక్తనాళములలో ఒత్తిడి పెరుగును. పొటాషియము తఱిగినచో కండరములు నీరసించును, గుండె లయ తప్పును. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున జెరోము కాన్ అను వైద్యుడు 1954లో ఒక రోగియందు ఈ వ్యాధిని గుర్తించి, కణితి గల గ్రంథిని శస్త్రచికిత్సచే తీయించి, 1955లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. నాటినుండి దీనిని కాన్ వ్యాధి యనుచున్నారు. రక్తపుపోటు గలవారిలో నూటికి 5 మొదలు 10 మంది వఱకు ఈ హార్మోను ఆధిక్యమే మూలమని పెక్కు పరిశీలనలు తెలుపుచున్నవి. మూడునాలుగు మందులకును లొంగని పోటు గలవారిలో ఇది ఇంకను ఎక్కువ.

ఈ వ్యాధి యున్నదని సామాన్య రక్తపరీక్షలచే తేలిన పిమ్మట అసలు ప్రశ్న పుట్టును. దోషము ఒక్క గ్రంథిలో నున్నదా, రెంటిలోను ఉన్నదా? ఒక్కదానిలోనే యున్నచో సన్నని రంధ్రములగుండ పరికరములు పంపి ఆ గ్రంథిని తీసివేయుదురు. మిగిలిన గ్రంథి యొక్కటియే దేహమునకు చాలును. రెంటిలోను ఉన్నచో శస్త్రచికిత్స పనికిరాదు. రెండును తీసినచో మనిషి జీవితాంతము హార్మోనులను మందుగా పుచ్చుకొని బ్రదుకవలసియుండును. కావున అట్టివారికి స్పైరొనోలాక్టోను మొదలగు మందులే శరణ్యము. ఇచ్చట నిర్ణయము తప్పినచో రెండు విధముల నష్టము. రెండు వైపుల వ్యాధి గలవానికి ఒకదానిని కోసినచో గ్రంథియు పోయెను, పోటును నిలిచెను. ఒక్కవైపు మాత్రమే వ్యాధి గలవానిని కోయక విడిచినచో నయము కాదగిన రోగమును అతడు బ్రతికినన్నాళ్లు మోయవలసి వచ్చును.

సి.టి. స్కాన్ తీసి చూచినచో గడ్డ ఏవైపున నున్నదో తెలియదా యని మీరడుగవచ్చును. యుక్తమైన ప్రశ్నయే. కాని ఛాయాచిత్రము ఆకారమును చూపునే గాని ప్రవర్తనను చూపదు. వయస్సు మీఱిన కొలది అధివృక్కములలో ఏ హానియు చేయని చిన్న గడ్డలు పుట్టుట వింత గాదు. ఇక నిజముగా హార్మోనును కురిపించు గడ్డ కొన్ని మిల్లీమీటర్లే యుండి చిత్రములో కనబడకపోవచ్చును. ఊరిలో దొంగతనము జరిగినప్పుడు మీసములు పెద్దవిగా నున్నవానిని పట్టుకొన్నట్లగును! అమెరికాలోని మేయో వైద్యాలయమువారు 2004లో 194 మంది రోగుల వివరములను ప్రకటించిరి. సి.టి. చిత్రమునే నమ్మియుండినచో వారిలో 42 మందికి జరుగవలసిన శస్త్రచికిత్స జరుగకపోయెడిది. 48 మందికి జరుగరానిది జరిగియుండెడిది. 2009లో పూర్వపు పరిశీలనలన్నిటిని కూర్చి 950 మంది విషయము చూడగా, నూటికి సుమారు 38 మందిలో చిత్రము చెప్పినదియు, సిరల రక్తము చెప్పినదియు ఒకటి కాలేదు.

సిరల రక్తము చెప్పుట యనగా నేమి? ప్రతి గ్రంథినుండియు రక్తము వెడలు సిర యొకటి కలదు. ఆ సిరలోనే రక్తము పట్టి చూచినచో ఆ గ్రంథి చేయు పని తెలియును. ఇందుకై తొడమూలమునందలి సిరలోనుండి కాథెటరు అను సన్నని గొట్టమును ఎక్స్-రే సాయముతో పైకి పంపి, కుడి ఎడమ అధివృక్క సిరలనుండి వేఱువేఱుగ రక్తము తీయుదురు. బోస్టను నగరపు మెల్బీ అను వైద్యుడును, ఆయన సహచరులును 1967లో ఈ విధానమును ప్రకటించిరి. చెప్పుటకు ఇది రెండు ముక్కలే. చేయుటలో అడుగడుగునను చిక్కులు గలవు.

మొదటి చిక్కు కుడివైపున. కృషీవలులకు కాలువల ఉపమానముచే దీనిని చెప్పెదను. ఉదరమున రక్తమును గుండెకు చేర్చు పెద్దకాలువ యొకటి కలదు. దానిని అధోమహాసిర యందురు. ఎడమ అధివృక్కపు సిర తిన్నగా పెద్దకాలువలో పడదు. ఎడమ మూత్రపిండమునుండి వచ్చు పిల్లకాలువలో మొదట కలియును. ఆ పిల్లకాలువ వెడల్పైనది గావున దానిని పట్టుకొని పోయినచో దారి దొరకును. కుడి అధివృక్కపు సిర యట్లు గాదు. కొలది మిల్లీమీటర్ల పొడవుతో, సన్నగా, పెద్దకాలువ వెనుకగట్టులో తిన్నగా తెఱచుకొనును. గట్టుచాటున నున్న చిన్న తూమువంటిది. అంతియే గాక కాలేయమునుండి వచ్చు చిన్న సిరలు కూడ ఆ సమీపముననే పడుచుండును. గొట్టపు మొన వానిలో దూఱినను, అధివృక్కములోనే దూఱినట్లు తోచును. ఈ పరీక్ష విఫలమగుటకు ముఖ్యకారణము ఈ కుడి సిర దొరకకపోవుటయే.

ఇక్కడ తర్కశాస్త్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. కొండపై నిప్పు కలదు, పొగ కనబడుచున్నది గనుక, అని అనుమానము చేయుదుము. ఈ యనుమానము నిలుచుట, అచ్చట కనబడునది నిజముగా పొగయే యైనప్పుడు. అది పొగ గాక పొగమంచైనచో, ఎంత చక్కని వాదమైనను కూలిపోవును. హేతువు పక్షమునందు లేనప్పుడు దానిని అసిద్ధమనిరి. ఈ రక్తపరీక్షలోని పొరపాట్లలో మిక్కిలి ప్రమాదకరమైనది ఈ అసిద్ధ హేతువే. సీసాపై "కుడి అధివృక్కము" అని వ్రాసియుండును. లోపల నున్నది కాలేయపు రక్తమై యుండును.

పొగయో, పొగమంచో తేల్చుట యెట్లు? అధివృక్కమే పుట్టించు కార్టిసోలు అను మఱియొక హార్మోను కలదు. గ్రంథి సిరలో ఇది చిక్కగా నుండును. దేహమునందలి తక్కిన సిరలలో పలుచగా నుండును. కావున ప్రతి సీసాలోను ఆల్డోస్టెరోనుతో పాటు కార్టిసోలును కూడ కొలుతురు. దానిని సామాన్య సిరలోని కార్టిసోలుతో పోల్చుదురు. గ్రంథిని ఉత్తేజపఱచు మందు ఇచ్చి చేసిన పరీక్షలో కనీసము 5 రెట్లు, మందు లేక చేసినదానిలో కనీసము 2 రెట్లు ఎక్కువ యున్నచో, గొట్టము సరియైన చోటనే యుండెనని పలు వైద్యశాలలు ఒప్పుకొనుచున్నవి. ఈ సాక్ష్యము లేని సీసాను తీర్పునకు పనికిరానిదిగా త్రోసివేయవలెను.

కార్టిసోలువలన రెండవ ఉపయోగము కూడ కలదు. ఎడమవైపున ఉదరవితానమునుండి దిగివచ్చు మఱియొక సిర అధివృక్క సిరతో కలియుటచేత అచ్చటి రక్తము పలుచబడును. కుడివైపున నట్లు పలుచబడకపోవచ్చును. అప్పుడు రెండువైపుల ఆల్డోస్టెరోనును ఉన్నదున్నట్లు పోల్చుట న్యాయము గాదు. మన యింట చారులో నీరు పోసినచో ఉప్పును పలుచబడును, పులుపును పలుచబడును. కాని ఉప్పునకును పులుపునకును గల నిష్పత్తి మాఱదు. అట్లే ఆల్డోస్టెరోనును కార్టిసోలుచే భాగించి, ఆ లబ్ధములనే పోల్చుదురు. ఉత్తేజకపు మందుతో చేసినప్పుడు ఒకవైపు లబ్ధము రెండవవైపు లబ్ధమునకు 4 రెట్లో, అంతకు మించియో యున్నచో దోషము ఆ వైపుననే కలదని సాధారణముగా నిశ్చయింతురు.

ఒక లెక్క వేసి చూతము. ఇవి నేను బోధకొఱకు కల్పించిన అంకెలు. ఒక రోగికి వ్యాధి రెండు గ్రంథులలోను సమానముగా కలదనుకొనుడు. సామాన్య సిరలో కార్టిసోలు 20, ఆల్డోస్టెరోను 80, లబ్ధము 4. ఎడమ గ్రంథి సిరలో కార్టిసోలు 400, ఆల్డోస్టెరోను 8000, లబ్ధము 20. కుడివైపునను నిజమునకు ఇంతే యుండవలెను. కాని గొట్టము కుడి సిరను తప్పి వేఱొకచోట రక్తము పీల్చినది. ఆ సీసాలో కార్టిసోలు 20, ఆల్డోస్టెరోను 80 వచ్చినవి, లబ్ధము 4. ఇప్పుడు ఎడమ 20, కుడి 4. అనగా 5 రెట్లు! దోషమంతయు ఎడమవైపుననే కలదని కాగితము ఘోషించును. ఆ మాట నమ్మి ఎడమ గ్రంథిని కోసినచో రోగికి ఒరుగునది లేదు. కుడి సీసాలోని కార్టిసోలు 20, సామాన్య సిరలోనిదియు 20, ఒక్క రెట్టు గూడ హెచ్చు లేదే యని ముందుగ చూచిన వైద్యుడు మాత్రము చేయి ఆపును. వ్యాధి కుడి గ్రంథిలోనే యున్నప్పుడు ఇదే పొరపాటు జరిగినచో అసలు దోషియే మఱుగుపడును; నయము చేయదగిన రోగి మందులపాలగును.

గొట్టము చేరిన తరువాతను జాగ్రత్త వలయును. సన్నని సిరలోనుండి రక్తమును బలముగా లాగినచో సిరగోడలు అతుకుకొనిపోయి రక్తము రాదు. అందుచే కొందఱు గొట్టపు మొన సమీపమున ప్రక్కగా చిన్న రంధ్రము చేసి, మెల్లమెల్లగా పట్టుదురు. చోటు తెలిసికొనుటకై ఎక్స్-రేలో కనబడు ద్రవమును లోనికి పంపునపుడు బలము హెచ్చినచో సిర పగిలి గ్రంథిలో రక్తము చిమ్మును. 20 వైద్యకేంద్రములలో జరిగిన 2604 పరీక్షలను సమీక్షించి 2012లో ప్రకటించిన వివరములనుబట్టి, ఇట్టి ప్రమాదము నూటికి ఒకటి కంటెను తక్కువగా, సుమారు 0.6 వంతున జరిగినది. అరుదే యైనను మఱువదగినది గాదు. గొట్టము మిక్కిలి లోతుగా పోయి సిరయొక్క ఒక కొమ్మలో చిక్కుకొన్నచో గ్రంథిలో ఒక భాగపు రక్తము మాత్రమే వచ్చును. ఒక మూల తవ్విన మన్ను చూచి చేనంతయు ఇట్టిదే యని చెప్పినట్లగును.

ఇక కాలమువలని చిక్కు. హార్మోను ఎల్లవేళల ఒకే ధారగా కారదు. అలలు అలలుగా వచ్చును. రోగి భయపడినను మాఱును. ఎడమ రక్తము పట్టి, కుడి సిరకై అరగంట వెదకి, పిమ్మట పట్టినచో రెండును వేఱువేఱు సమయముల సాక్ష్యములగును. అందుచే కొందఱు రెండు గొట్టములతో రెండువైపుల ఒకేసారి రక్తము తీయుదురు. మఱికొందఱు పీయూషగ్రంథి హార్మోనునకు ప్రతిగా చేసిన కొసింట్రోపిను అను మందును, గంటకు 50 మైక్రోగ్రాముల చొప్పున, అరగంట ముందునుండియే సిరలోనికి ఎక్కింతురు. అలలు అణగును, కార్టిసోలు భేదమును స్పష్టమగును. అయితే ఈ మందు కొందఱు రోగులలో రెండు వైపుల నడుమ నుండు తేడాను తగ్గించి చూపును. కనుక ఏ పద్ధతి ననుసరించిరో, దానికి తగిన కొలబద్దనే వాడవలెను. తూమును కుంచమును కలిపి లెక్కించినచో ధాన్యపు పద్దు సరిపోదు గదా!

కొలబద్దయే వంకరయైనచో? కొన్ని కణుతులు ఆల్డోస్టెరోనుతో పాటు కార్టిసోలును కూడ అధికముగా పుట్టించును. అప్పుడు భాగించు అంకె ఆ వైపున పెద్దదై, లబ్ధము చిన్నదిగా కనబడి, దోషము గల గ్రంథి నిర్దోషివలె నిలుచును. ముందురాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోను ఇచ్చి, ఉదయమున కార్టిసోలును చూచినచో ఈ మోసము ముందే బయటపడును. అట్టివారి విషయమున కార్టిసోలునకు బదులుగా, గ్రంథి లోపలి పొరకు సంబంధించిన మెటానెఫ్రిను అను ద్రవ్యమును కొలబద్దగా గ్రహింతురు.

పరీక్షాదినమునకు పూర్వమే కొన్ని పొరపాట్లు మొలకెత్తును. రక్తములో పొటాషియము తక్కువగా నున్నచో ఆల్డోస్టెరోను తనంతట తానే తగ్గును. కావున ముందుగా పొటాషియమును సరిచేయవలెను. స్పైరొనోలాక్టోను వంటి మందు ఫలితమును తాఱుమాఱు చేయగలదు గావున, వీలైనచో దానిని నాలుగు వారములో, అంతకు మించియో ముందుగ నిలిపి వేఱు మందులిత్తురు. ఇది వైద్యుని పని. రోగి తనకు తానుగా మందు మానుట ప్రాణాపాయకరము. పరీక్ష ముగిసిన పిమ్మటను పని ముగియలేదు. సీసాలపై ఏ సిర, ఏ సమయము అనునవి అప్పటికప్పుడే వ్రాయవలెను. కుడి ఎడమలు తాఱుమాఱైనచో మంచి గ్రంథి కత్తిపాలగును. గ్రంథి రక్తములో కార్టిసోలు మిక్కిలి హెచ్చుగా నుండుటచే యంత్రము "ఇంతకు మించి" అని మాత్రమే చెప్పి ఊరకుండును. ఆ రక్తమును తగినట్లు పలుచజేసి మఱల కొలిచి, నిజమైన అంకెను రాబట్టవలెను.

ఇన్ని చిక్కులున్న పరీక్ష మనకేల, చిత్రముతోనే సరిపెట్టుకొనరాదా యనువారును కలరు. వారి పక్షమునను బలము లేకపోలేదు. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో 200 మందిని రెండు తెగలుగా చేసి, ఒక తెగకు చిత్రమునుబట్టియు, మఱియొక తెగకు సిరల రక్తమునుబట్టియు చికిత్స నిర్ణయించిరి. ఒక సంవత్సరము గడచినను పోటుమందుల అవసరమునందు చెప్పదగిన భేదము కనబడలేదు. అయితే 2018లో, శస్త్రచికిత్స పొందిన 761 మంది వివరములను కూర్చి చూచినప్పుడు, హార్మోను దోషము పూర్తిగా నయమైనవారు చిత్రమార్గమున నూటికి 80, రక్తమార్గమున నూటికి 93 మందిగా తేలిరి. 2023లో ఇంగ్లండునందు 143 మందిపై మెటోమిడేటు అను ద్రవ్యముతో తీయు క్రొత్త చిత్రమును పరీక్షింపగా, అది సిరల పరీక్షకు తీసిపోలేదని ప్రకటించిరి. ఇక 35 ఏండ్ల లోపువారిలో పొటాషియము తనంతట తగ్గి, ఆల్డోస్టెరోను మిక్కిలి హెచ్చి, ఒక్కవైపుననే స్పష్టమైన గడ్డ యున్నచో సిరల పరీక్ష లేకయే శస్త్రచికిత్స చేయవచ్చునని 2016నాటి వైద్యమార్గసూచి అనుమతించెను.

ఈ వాదములను చూడగా నాకు తోచున దొక్కటి. సిరల పరీక్ష చిత్రము కంటె మేలైనదగుట, దానిని చక్కగా చేసినప్పుడే. పైన చెప్పిన మేయో వైద్యాలయమున 203 మందిలో 194 మందికి రెండు సిరలును దొరకినవి. ఒకే చేతికి ఈ పని పదేపదే తగులుటవలన కలిగిన నేర్పు అది. ఏడాదికొకసారి ఈ పని చేయు చేతికి ఆ నేర్పు రాదు. పరీక్ష జరుగుచుండగనే కార్టిసోలును త్వరితముగా కొలిచి చెప్పు ఏర్పాటున్నచో, సిర తప్పిన సంగతి రోగి బల్లమీద నుండగనే తెలిసి, మఱల ప్రయత్నింపవచ్చును. అందుచే దొరకు సిరలసంఖ్య పెరుగుచున్నది.

కావున పెద్దలారా, మీ యింటివారిలో నెవరికైనను ఈ పరీక్ష అవసరమని వైద్యుడు చెప్పినచో, సందేహింపక మూడు ప్రశ్నలు వినయముతో అడుగుడు. ఈ పరీక్షను మీరు తఱచుగా చేయుచున్నారా? కుడి ఎడమ సీసాలు రెండును సరియైన చోటివేయని కార్టిసోలుచే ఋజువైనదా? కాకున్నచో మఱల చేయుదురా, ఊహతో నిర్ణయింతురా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు. "పరీక్ష విఫలమైనది, తీర్పు చెప్పజాలను" అని చెప్పిన వైద్యుని చేతగానివానిగ ఎంచకుడు. పొగమంచును పొగ యని చెప్పక, తెల్లవాఱువఱకు ఆగుమన్నవాడే అతడు. గ్రంథి యొకసారి పోయినచో మఱల రాదు; పరీక్షను మాత్రము మఱల చేయవచ్చును.